అటూ ఇటూ పదిహేనేళ్ళు

తిరుపతిలో, యూనివర్సిటీ వెనక బ్లాకులో,
కుళాయి కింద
పులికాట్ బురద కడుగుతుంటాను.
నెల జీతం అందుకే.

గొట్టంలో వచ్చిన బురద అది, మీటరున్నర పొడుగు.
సెంటీమీటరుకో బిళ్ళగా కోసి
జల్లెడలో పోసి
నీళ్ళు తేటపడేదాకా.
వాసన మాత్రం మా తడ వాసనే,
మధ్యాహ్నం క్యారియర్ తెరిచినా వదలదు.

అడుగున మిగిలేవి గుల్లలు.
నువ్వుగింజ కన్నా చిన్నవి, రెండు తలుపుల ఇళ్ళు.
రుక్సానా మేడమ్ నోరు తిరగని పేరు చెప్పింది.
రొయ్యకు దూరపు చుట్టమట.
నేను నూకలంటాను. తనూ ఇప్పుడు అదే అంటోంది,
గైడు గదిలో లేనప్పుడు.

ఎర్రకాళ్ళ కొంగల్ని చూడ్డానికి బస్సులేసుకుని వస్తారు జనం.
వీటి ముందు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.
ఒక్క తుమ్ముకి రెండేళ్ళు ఎగిరిపోతాయి.
పోయినేడు పోయాయి కూడా. నేనే.

ఉప్పెక్కితే గుల్ల నున్నగా ఉంటుందట.
ఏరొచ్చి నీళ్ళు చప్పబడితే
వీపున బొడిపెలు లేస్తాయట.
అది విన్న రోజు నాకు నవ్వొచ్చింది.
మా అవ్వ చెంచులమ్మ
మోకాటి లోతులో నిలబడి
దోసిట్లో నీళ్ళు నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి,
"ఈపొద్దు రొయ్య రాదు, పోదాం పదండి" అనేది.
ఆమె నాలిక మీద ఏ రాతా మిగల్లేదు.
ఇవి ఒంటి మీదే రాసుకున్నాయి.

పై బిళ్ళలన్నీ నున్నగానే.
సముద్రం నోట్లో ఇసుక మేట,
ఒకటే జాతి, ఒకటే ఉప్పు,
చదివిన పేజీయే మళ్ళీ చదివినట్టు.

నలభయ్యో బిళ్ళలో బొడిపెలు.
ఒకటీ అరా కాదు, చిటికెడు.
కుంచె తడిపి ఒక్కోటీ ఎత్తి నల్లగడిలో పెడుతుంటే
అవ్వ మాట:
"కాళంగి కట్టలు తెంచుకోని వచ్చిన ఏడు పుట్టింది మీ అమ్మ.
ఆ నెలంతా సరస్సులోనే ముంచుకోని తాగినాం."

అమ్మ పుట్టిన రోజు ఎవరూ రాయలేదు.
ఆధార్‌లో జూలై ఒకటి.
మా పేటలో సగంమందిదీ అదే పుట్టినరోజు.

"మేడమ్, ఈ బిళ్ళ ఏ సంవత్సరం?"
సీసంతో వేసిన లెక్కేదో చూసింది.
ఒక అంకె చెప్పి, పెన్సిలు కొరుకుతూ,
"అటూ ఇటూ పదిహేనేళ్ళు" అంది.

రాత్రి ఫోన్లో అడిగాను, నీకెన్నేళ్ళమ్మా అని.
"అరవై ఉంటాయి. డెబ్బై అయినా అయ్యుంటాయిలే.
ఏం, పింఛనేమైనా పెంచినారా?"