ఎడమ ముంజేతి దగ్గర ఒక తప్పు

ఫారో దీవుల్లో మాది చివరిది.
పాస్టరుగారు నెలకొక్కసారి వస్తారు,
అదీ సముద్రం ఒప్పుకుంటే.
మిగతా ఆదివారాలు వాక్యం చదివేది నేనే.
గొర్రెల బొచ్చు కత్తిరించే చేతులు,
అరవై ఎనిమిదేళ్ళవి,
పేజీ తిప్పేటప్పుడు ఈమధ్య వణుకుతున్నాయి.
చలికి, అంటాను అందరితో.

పదకొండు మందిమి.
పోయిన ఏడు పద్నాలుగు.

ఆ ఆదివారం చదవాల్సింది
కొత్త ఆకాశం గురించి, కొత్త భూమి గురించి.
ఇక సముద్రమే ఉండదన్న చోట
మూడో బల్ల మీంచి సున్నువా దగ్గింది.
అది దగ్గు కాదు, నాకు తెలుసు.

సాయంత్రం బంగాళాదుంపల సంచీతో వాళ్ళింటికి వెళ్ళాను.
తొంభై ఒకటి ఆమెకు. కళ్ళలో పొర.
తడిసి బిగిసిన తాడుముడుల్లా వేళ్ళు.
అయినా ఊలు ఉండ ఒళ్ళోనే ఉంటుంది
అల్లడానికి కాదు,
ఊరికే, పిల్లిని పట్టుకున్నట్టు.

"సముద్రం ఉండదని చదివావే,
మరి నా మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు?"

హానుస్ పోయి యాభై తొమ్మిదేళ్ళు.
పడవ దొరికింది, తను దొరకలేదు.
చర్చి గోడ పక్కన అతని పేరుతో రాయి ఉంది.
రాయి కింద ఏమీ లేదు.
ఆ ఏమీలేనితనం మీద మొలిచే గడ్డిని
మొన్న మొన్నటిదాకా ఆమే కోసేది.

"ముందు సముద్రం తనలో ఉన్నవాళ్ళను అప్పగిస్తుంది.
ఆ తర్వాతే పోతుంది. వరస అదీ," అన్నాను.
"బాకీ తీర్చి మరీ వెళ్తుందన్నమాట!"
నవ్వింది.
నవ్వు ఎంతసేపో నిలవలేదు.

"అసలు భయం అది కాదు.
ఆ వేకువన ఇద్దరం లేస్తాం.
వాడికి ముప్ఫై నాలుగు."
(ఈమధ్య అతన్ని వాడు అంటోంది,
మనవడి ఈడు వాణ్ణి అన్నట్టు.)
"నన్ను గుర్తుపడతాడా?
ముడతలు పోతాయంటావు, మహిమ శరీరమంటావు.
పోతే మరి, వాడు లేకుండా నేను బతికిన ఏళ్ళన్నీ
ఎక్కడ పెట్టుకోను?"

జవాబు వెతుకుదామని జేబు తడుముకున్నాను.
కళ్ళజోడు ఇంట్లో మరిచాను.

ఆమే చెప్పుకుపోయింది.
చివరి స్వెటరు అల్లుతున్నప్పుడు
ఎడమ ముంజేతి దగ్గర లెక్క తప్పిందట.
మూడు నల్ల గళ్ళు పడాల్సిన చోట నాలుగు.
విప్పి మళ్ళీ అల్లుతానంటే చెయ్యి లాక్కున్నాడట.
"ఉండనీ. లోకంలో ఇంకెవరి దగ్గరా లేదీ తప్పు."
అదే తొడుక్కుని వెళ్ళాడు.

"అన్నీ కొత్తవి చేసే ఆయన
దాన్ని కూడా సరిదిద్దేస్తాడేమో..."

పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.
ఎవరం లేవలేదు.
తర్వాత, పరీక్ష పెడుతున్నట్టు, అడిగింది:
"సమాధిలోంచి లేచొచ్చాక ప్రభువు చేతులు చూపించాడు కదా.
మేకుల గాయాలు మానాయా, ఉన్నాయా?"
"ఉన్నాయి."
"చావును గెలిచిన ఒంటి మీద కూడానా?"
"వేలు పెట్టి చూడమన్నాడు."

ఇంకేం అడగలేదు.
కుడిచేతి వేళ్ళతో తన ఎడమ మణికట్టు తడుముకుంటూ
మెల్లగా లెక్కపెట్టింది.
ఒకటి, రెండు, మూడు.
ఆగి,
నాలుగు.

గాలికి ఎదురు నడుస్తూ ఇంటికొచ్చాను.
నన్ను ఏ తప్పుతో గుర్తుపడతారు?
గొర్రెల కంచె దగ్గర మాటా మాటా పెరిగి
అన్నతో మాట్లాడని పదహారేళ్ళా?
అతని కిటికీలో దీపం ఉంది.
ఆ రాత్రి దాటుకునే వచ్చేశాను.

ఫిబ్రవరిలో పదిమందిమయ్యాం.
గోడ పక్కన రాయి కింద
సగం చోటు నిండింది.

ఈ ఆదివారం మళ్ళీ అదే అధ్యాయం.
సముద్రం అన్న మాట దగ్గర
దగ్గు కోసం ఆగాను.
బయట అలలు కొట్టుకుంటున్నాయి
ఇంకా బాకీ ఉన్నవాళ్ళలా.
వెనక బల్లలో మా అన్న తలెత్తి చూశాడు.
పేజీ వణికింది.
చలికి, అని
ఎవరితోనూ అనలేదు.