మాసిక పడని మాట

నిఘంటువు ఆఫీసు వాళ్ళు
నా సంచిలో మూడొందల ఖాళీ చీటీలు పెట్టి పంపారు.
చీటీకొక మాట.
అడుగున మూడు గీతలు:
ఎవరన్నారు, ఏ ఊళ్ళో, ఏ ఏడు.

థింగెయ్రి రేవులో వలల కొట్టం.
అరవై ఏడు, నవంబరు చివర. మూడున్నరకే దీపం పెట్టారు.
స్టెయిన్‌వోర్ పళ్ళ మధ్య పంచదార బిళ్ళ ఇరికించుకుని
దాని మీంచి కాఫీ పీలుస్తూ
కాడ్ వలకు కంతలు పూడుస్తోంది.

"బోత్" అన్నాను.
"ఇదిగో" అని మోకాలు చూపించింది,
పాత లాగు మీద కొత్త గుడ్డముక్క.

బోత్ అంటే మాసిక.
చిరిగిన వలకు వేసే ముడీ అదే,
గాయానికి రాసే మందూ అదే,
మనిషిని నరికినవాడు
చచ్చినవాడి తమ్ముడి ముందు తూచి పోసే వెండీ అదే.

పాత చట్టం తక్కెడ పట్టుకునే పుట్టింది.
వేలికింత. కంటికింత. ప్రాణానికింత.
చంపినవాడు దారిలో మొదటి గడప దగ్గరే ఆగి
"నేనే చంపాను, నా పేరు ఫలానా" అనాలి.
అన్నాడా, తప్పు కట్టుకుని బతకొచ్చు.
అనకుండా శవం మీద రాళ్ళు కప్పి పోయాడా,
నిద్రలో ఉన్నవాణ్ణి పొడిచాడా,
అభయమిచ్చిన చేత్తోనే కత్తి దూశాడా,
వాడి వెండి ఎవరూ ముట్టరు.
తక్కెడ గూట్లో పెట్టేస్తారు.
అలాంటి పనికి పేరు కావలసివచ్చి
ఆ పాత మాటకు ముందు
నోరు గుండ్రంగా తెరిచి
ఓ అన్నారు.
ఓబోత.
మాసిక లేనిది.
తెరిచిన ఆ నోరు కూడా ఒక కంతే.

ఇప్పుడు దానికంత బరువు లేదు.
శనివారం రాత్రి డాన్సు హాలు బయట కుర్రాళ్ళు తన్నుకుంటే
ఓబోత అయ్యేదాకా కొట్టారని పేపరువాడు రాస్తాడు,
వారం తిరక్కుండా కట్లు విప్పేస్తారు.
పక్కింటి పొట్టేలు ముల్లంగి మడిలో పడితే
దాన్నీ అదే మాటతో తిడతారు, రాయి విసురుతూ.

అవన్నీ రాసుకున్నాను.
తర్వాత అలవాటు కొద్దీ అడిగాను,
"నువ్వెప్పుడైనా వాడావా?"

సూది ఆగలేదు.
"ఒక్కసారి.
నాకు పన్నెండేళ్ళు.
మా నాన్న చేతిలో కత్తి, పొరుగువాడి గొర్రె చెవి.
గుర్తు మీద గుర్తు కోస్తుంటే కళ్ళారా చూశాను.
అధికారి గుర్రం దిగి అడిగితే
పాలేరు కేటిల్ పేరు చెప్పాను.
అతను నా వంక చూశాడు. కాదనలేదు.
ఆ రాత్రే కొండదారిన పడి పోయాడు, మంచులో.
వేసవిలో గొర్రెల్ని పైకి తోలినవాళ్ళకు
ఊలు చేతితొడుగు దొరికింది, ఒక్కటే.
బొటనవేలి దగ్గర ఎర్రనూలు మాసిక.
అది నేను వేసిందే."

కొట్టం రేకుల మీద వడగళ్ళు.
"ఎవర్ననడానికి వాడావు, మీ నాన్ననా?"

దారం పళ్ళతో కొరికింది.
"వలంటేనే కంతలు, నాయనా.
ఏది అల్లిన కంతో, ఏది చిరిగిన కంతో
అల్లినవాళ్ళకే తెలుసు."
కాఫీ ఇంకొంచెం పోసింది. నాక్కాదు, తనకు.

ఎవరన్నారు. రాశాను.
ఏ ఊళ్ళో. రాశాను.
ఏ ఏడు దగ్గర పెన్సిలు ఆగింది.
ఆమె చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు.

ఆఫీసుకెళ్ళాక ఆ చీటీని 'ఓ' పెట్టెలో వెయ్యాలి.
'బో' పెట్టెలో వేశాను,
మోకాలి గుడ్డముక్కకీ వల ముడికీ నడుమ.
తప్పే.
ఎవరైనా పట్టుకుంటే
కట్టుకుంటాను.