మొదటి పది నిమిషాలు

అబ్బేడేల్ రోడ్డు చివర, తివాచీల దుకాణం పక్కన
డెబ్బై రెండు సీట్ల హాలు మాది.
తొమ్మిదింటికి స్ప్రింగుల్లేవు, వాటి నంబర్లు నాకు కంఠతా.
టికెట్లు చింపడం, టార్చి పట్టుకోవడం,
ఆట అయ్యాక సీట్ల కింద పేలాలు ఊడ్వడం నా పని.

ఆ సినిమా షెఫీల్డులో పన్నెండు రోజులు ఆడింది.
పన్నెండు రోజులూ చూశాను,
ఒక్కసారీ కుదురుగా చూడలేదు.
ఎవరికో సీటు చూపిస్తూ కాసేపు,
హీటరు మూలుగుతోందని పిలిస్తే కాసేపు.
అందుకే నా పిల్లాడు ముందు పద్నాలుగేళ్ళవాడు,
తర్వాత ఆరేళ్ళవాడు,
గురువారం నాటికి మళ్ళీ పదకొండు.

ఏ దేశమో చెప్పరు. గోడలు పసుపుపచ్చ.
ప్రతి గదిలో ఒకే ఫోటో, ఒకే మీసం.
బడిలో టీచరమ్మ అడుగుతుంది: తండ్రి పేరు?
వాడు లేచి నిలబడి
గోడ మీది ఫోటో కేసి వేలు చూపిస్తాడు.
క్లాసంతా చప్పట్లు.
టీచరమ్మ కూడా కొడుతుంది,
చేతిలో సుద్దముక్క ఉన్న సంగతి మరిచిపోయి.

ఇంకో రోజు, ఇంకో ముక్క:
వాళ్ళమ్మ రాత్రిళ్ళు మగవాడి బూట్లకి పాలిష్ పెట్టి
గడప బయట ఉంచుతుంది,
ఇంట్లో మగదిక్కుందని వీధి అనుకోవాలని.
పొద్దున్నే వాటిని లోపలికి తెచ్చేది వాడే.
ఏడాదికేడాది ఆ బూట్లు
వాడి పాదాలకి దగ్గరవుతుంటాయి.
సరిపోయే రోజు చూద్దామని
శనివారం నాడు గిరాకీని వదిలేసి పరుగెత్తుకొచ్చాను.
అప్పటికే సీను మారిపోయింది. వాన. ఒక లారీ.

ఎర్మిందా గారు నాలుగుసార్లు వచ్చారు.
ఎక్కడినుంచో ప్రాణాలు చేత్తో పట్టుకుని వచ్చి
ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు
చెంచాలకి మెరుగు పెట్టినావిడ.
ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటారు,
నా టార్చి అటు పోదు.
"బూట్లు కాదు," అన్నారు మెట్ల దగ్గర.
"మా ఇంట్లో దగ్గు.
రాత్రి ఎవరైనా తలుపు ముందు ఆగితే
అమ్మ గొంతు మార్చి మగాడిలా దగ్గేది.
నాకు తెలిసిన నాన్న అంతే."
నవ్వబోయాను. ఆవిడ నవ్వట్లేదు.

నాదీ చెప్పాను, ఎందుకు చెప్పానో.
సిద్దిపేట బస్టాండు, డెబ్బై ఆరు ఎండాకాలం,
చెరుకురసం గ్లాసు చేతిలో ఉండగానే తీసుకుపోయారు.
నేను అప్పటికి అమ్మ కడుపులో ఐదో నెల.
గ్లాసు పైసలు బాకీ ఉన్నాయని
బండాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడట.
సర్కారు నుంచి అంత కబురు కూడా రాలేదు.
పెద్దనాయిన చెప్పిన నాయిన పొడుగు.
మేనత్త చెప్పిన నాయిన కొంచెం పొట్టి, మంచి ఈతగాడు.
అమ్మ ఏం చెప్పేది కాదు,
అడిగిన రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడేది.

ఎర్మిందా గారు ఫ్లాస్కు మూత బిగించారు.
"మొదటి పది నిమిషాలు చూశావా?"
చూడలేదు. ఆ పది నిమిషాలూ నేను తలుపు దగ్గరే,
ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం.
"వాళ్ళ నాన్న ఉండేది అందులోనే."

ఆఖరి ఆట బుధవారం. వాన వల్ల ఆరుగురే.
తలుపు ఓరగా తెరిచి నిలబడ్డాను,
ఒక కాలు లోపల, ఒక కాలు వరండాలో.
అద్దం ముందు ఒక మనిషి గడ్డం గీసుకుంటున్నాడు.
ముఖమంతా నురగ. ఒక చెవి. బనియను మీద నీటి మరక.
నురగలోంచి ఒక గీత తెరుచుకుంది, చెంపంత,
ఇంకో గీత మొదలవుతోంది

భుజం మీద ఎవరో తట్టారు.
తడిసిన కోటు, చేతిలో నానిన టికెట్టు.
"మొదలైపోయిందా?"
అర చేయి అడ్డం పెట్టి టార్చి వెలిగించాను,
స్ప్రింగులున్న సీటు చూసి కూర్చోబెట్టాను.

తిరిగి చూసేసరికి
అద్దంలో ఎవరూ లేరు.
కుళాయి కట్టేయలేదు, నీళ్ళు పోతున్నాయి.