వెనక సీటులో ఇద్వాల్

పశువుల దాణా రసీదుల వెనకవైపు
పెన్సిల్‌తో గీసేవాడు ఇద్వాల్, మా ఆదివారపు దారులు.
నది ఒక్కటే నీలం.
తక్కినదంతా బూడిదరంగు.
కొండ ఎంత నిటారో అంకెల్లో ఎప్పుడూ రాయలేదు.
"ఇక్కడ మాట్లాడుకోవచ్చు."
"ఇక్కడ మాటలు కట్టిపెట్టండి."
"ఇక్కడ మీ అమ్మ గుర్తొస్తుంది."
టైవి నది లోయలో ఉన్నవి ఆ మూడు రకాల కొండలే.

ముప్పై ఒక్క ఏళ్ళు పాల ట్యాంకరు తోలినవాడు.
ఏ మలుపులో గేరు మూలుగుతుందో,
ఏ గేటు వెనక కుక్కని కట్టేయరో,
ఏ వంతెన మీద లారీ పోతుంటే
గొర్రె కూడా ఆగి దారివ్వాలో
ఆయనకి కంఠతా.
దారి చూపే ఫోన్లు వచ్చాక కూడా
ఆ రసీదునే ప్లాస్టిక్ సంచిలో పెట్టి
హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండు బిగించేవాళ్ళం.
తడిస్తే ఫోను చచ్చిపోతుంది, పెన్సిలు గీత చావదు.
ఇక్కడి వాన సంగతి అడక్కండి.

పోయిన చలికాలం ఆయన చూపు
నడిమధ్య నుంచి చెరిగిపోవడం మొదలుపెట్టింది.
అంచులు మిగిలాయి. కంచె ఉంది, రోడ్డు లేదు.
"ఇన్నాళ్ళూ రోడ్డే చూశానులే" అన్నాడు గానీ
ఆ వారం రసీదు రాలేదు.
పై వారం వచ్చింది.
అందులో నది ఒక్కటే ఉంది,
అదీ కాగితం అంచు దాటి
ఆయన వంటింటి బల్ల మీదికి పారినట్టుంది.

నేను రొట్టెలు కాల్చేదాన్ని. ఓదార్చడం చేతకాదు.
గ్లెనిస్ కొట్టంలో ఇద్దరు తొక్కే సైకిలొకటి ఉంటే
దాని మీద కాపురమున్న కోళ్ళని బతిమాలి
ఇవతలికి లాగాను.
వెనక సీటు మీద రెట్ట గీకి,
"ఎక్కు" అన్నాను.
"ముందు నువ్వా?" అన్నాడు, మొహం చిట్లించి.

పొలాల మీద పులిసిన గడ్డి వాసన: "ఎడమకి."
ఇనుప కమ్ముల మీద చక్రాల గడగడ: "గేరు మార్చు."
మూతపడ్డ ప్రార్థన మందిరం గోడ
మా చప్పుడు మాకే తిప్పికొడితే: "కుడికి, కుడికి."
కొబ్బరి బిస్కెట్ల వాసన వచ్చిందా,
పసుప్పచ్చ ముళ్ళపొదలు పూశాయన్నమాట,
"ఇంక మాటలు కట్టిపెట్టు."

ఒక చీలిక దగ్గర నాకు దుర్బుద్ధి పుట్టింది.
జేబులో ఫోను ఎడమంది, ఆయన కుడన్నాడు.
చప్పుడు చేయకుండా ఎడమకి తిప్పాను.
పది గజాలు పోలేదు,
"మెరెరిడ్, నది నా కుడి చెవిలో ఉండాలి."
వెనక్కి తిప్పాను. చెవులు కాలిపోయాయి, నావి.

అమ్మ గుర్తొచ్చే కొండ మీద
నా కాళ్ళు సగంలోనే చేతులెత్తేశాయి.
పెడళ్ళు మాత్రం ఆగలేదు.
డెబ్బై రెండేళ్ళ తొడలు
నా వెనక బుసలు కొడుతూ తొక్కుతున్నాయి,
నా పాదాలు వాటితో ఊరికే తిరుగుతున్నాయి
పిండి మరలో గింజల్లా.

పైన ఆగాం. "ఏం కనబడుతోంది?"
నాకు వర్ణించడం రాదు.
"మంచు. చేతికి చెయ్యి కనబడ్డం లేదు."
ఎంత నవ్వాడంటే సైకిలు ఊగింది.

"ఇప్పుడు బ్రేకు వదిలెయ్.
నిండు ట్యాంకరుతో వేలసార్లు దిగానీ కొండ,
పాలు తొణక్కుండా, మొదటి గేర్లో, పళ్ళు బిగబట్టి.
ఒక్కసారి కూడా జారనివ్వలేదు."

వదిలాను.
చాలావరకు.
రెండు వేళ్ళు మాత్రం బ్రేకు మీద వేసి ఉంచాను,
ఆయనకి తెలుసు, అనలేదు.
గాలికి ఆయన అరిచిందేమిటో
పాలకేంద్రం దాటేదాకా నాకు అర్థం కాలేదు:
గొర్రెలు! గొర్రెలు!

సోమవారం పొయ్యి ఆరాక
పిండి సంచి కాగితం పరిచి కూర్చున్నాను.
ఆయన చెబుతున్నాడు, నేను గీస్తున్నాను,
కాగితం చిరుగుతుందేమోనన్నంత గట్టిగా నొక్కి.
గీత వెంట చూపుడువేలు నడిపించి
ఒకచోట ఆపాడు.
"నదికి ఇక్కడ ఇంకొంచెం వంపుండాలి."
చెరిపాను.
వేలు అక్కడే ఉంచాడు, నేను మళ్ళీ గీసేదాకా.