గాజు గింజ

గుంతకల్లు బైపాసులో మా రేకుల షెడ్డు.
పానా ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే వేళ
పెన్నోబిలేసు వచ్చినాడు.
ఇంజను తిరుగుతుండగానే దిగి, తలుపు ధడేలున వేసి
"నబీ, నువ్వు దాని పానం తీసినావు" అన్నాడు.

నేనేం తీసినాను?
పోయిన వారం స్టీరింగు కింద నుంచి
అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పీకి
ఇంజను మెదడులో ఒక అంకె చెరిపినా.
ఇమ్మొబిలైజరు అంటారు దాన్ని.
వాడికి నోరు తిరగదు. ఇమాంబిళ్ల అంటాడు.

"రైల్వే బ్రిడ్జి ఎక్కల్లంటే సెకండు గేరు.
పొగ సూడు, ఇటికెల బట్టీ మాదిరి.
లీటరుకు పద్దెనిమిది వచ్చేది, పదమూడైంది.
ఇమాంబిళ్ల తీసినంక ఊపు పోయిందప్పా."

చెప్పినా.
అది వాకిట్లో కూర్చునే మనిషప్పా.
తాళం తిరగ్గానే ఒక్కటే అడుగుతుంది: ఎవరూ?
తాళంలోని గాజు గింజ తన అంకె చెబుతుంది.
సరిపోతే డీజిలుకు దారి ఇడుస్తుంది,
లేకుంటే గుటక కూడా దిగనీదు.
ఆ తర్వాత నువ్వు బళ్లారికి పో, బెంగుళూరికి పో,
అది కునుకు తీస్తా ఉంటుంది.
పంపుకు దాని మొగం తెలీదు.
ఇంజెక్టరు దాని పేరు ఇనలేదు.
గాలిని నలిపి నలిపి, ఆ వేడికే మండే నూనె ఇది.
కాపలాదారు లేచిపోతే
పొయ్యిలో మంట తగ్గుతుందా?

ఇన్లేదు వాడు.

జూన్ తొలివానకు వజ్రకరూరు చేలల్లో
అందరి మాదిరే వంగి నడిచినాడు,
మూడు దినాలు, నడుముకు తువ్వాల బిగించి.
ఎర్రమన్నులో మెరిసిన ప్రతిదానికీ చెయ్యి చాపి
సీసాపెంకులు, పలుగురాళ్లు,
ఒకసారి యాడిదో చేప పొలుసు.
నాలుగో దినం జేబు తడుముకుంటే తాళం లేదు.
కంపెనీవాళ్లు చెప్పిన ధర విని
శనక్కాయ మూటలు లెక్కేసుకుని గమ్మునయినాడు.
నాలుగు నెలలు బండి చేనిగట్టున,
కంపచెట్టు కింద, టార్పాలిను కప్పుకుని.
అప్పుడు గదా నన్ను పిలిచింది!

బానెట్ ఎత్తి చెవి పెట్టినా.
టర్బో పక్కన ఉస్సుమని సన్నగా.
పాము కాదు, గాలి.
ఇంజను ఆపించి చూస్తే
రబ్బరు గొట్టం అడుగున ఎలకపండ్ల వరసలు.
సందులో గూడు: శనక్కాయ పొట్టు, పత్తి,
వాళ్లావిడ పాతచీర అంచు ఒక పీలిక.
ఫిల్టరు కింద నట్టు ఇప్పితే
డీజిలు కంటే ముందు నీళ్లు వచ్చినాయి.
"నీ బోర్లో పడనివి ఈడ పడినాయి చూడు" అన్నా.
నవ్వినాడు అప్పుడు.

గొట్టం మార్చి, ఫిల్టరు మార్చి
ఇద్దరం బ్రిడ్జి మీదికి పోయినాం.
మూడో గేరులోనే ఎక్కింది.
కింద గూడ్సు పోతా ఉంటే
ఊరికే హారన్ కొట్టినాడు దానికి.

"అయితే అది తీసినందుకు ఏమీ కాలేదంటావు?"

వెంటనే చెప్పలేదు నేను.
ఎనిమిది వందలు తీసుకున్న చెయ్యి నాది.
ఇంజనుకు ఏమీ కాలేదప్పా.
కానీ ఇంతకు ముందు అది నిన్ను అడిగేది.
ఇప్పుడు బజారులో కోయించిన ఉత్త ఇనుప తాళంతో
యా నా కొడుకు వచ్చినా
ఇదే ఊపుతో పోతుంది. ఇదే మైలేజీ.

స్టీరింగు మీద చెయ్యి పెట్టి
కాసేపు అట్లే ఉన్నాడు.
మర్నాడు వచ్చి, దానికి అడ్డంగా
ఇనుపకడ్డీ తాళం ఒకటి కొనుక్కుని పోయినాడు.

మళ్లీ జూన్ వస్తుంది.
తాళం పైతొడుగు చిట్లి
బియ్యపుగింజంత గాజు,
కడుపులో రాగితీగ చుట్టుకుని పైకి తేలుతుంది.
యా ఆలూరు ముసిలమ్మో దాన్ని నోట్లో తడిపి,
ఎండకు పట్టి, కొంగున ముడేసుకుని
వ్యాపారి కాడికి నడుస్తుంది.
వాడు కంటికి అద్దం పెట్టుకుని చూసి
"ఇదేం కాదు, పో" అంటాడు.

అడిగితే తప్ప చెప్పని గింజ అది.
అడిగేదాన్ని నేను పీకేసినా.
షెడ్డులో, నట్ల డబ్బాలో ఉంది ఇంకా.