వంపు గొట్టం

సిరిమాను తిరిగిన మూడో నాడు.
జనం విసిరిన అరటిపళ్ళు రోడ్డుకి ఇంకా అంటుకునే ఉన్నాయి.
గంటస్తంభం ఎదురుగా మా కళ్ళజోళ్ళ కొట్లోకి
ఖాకీ చొక్కా పిల్ల వచ్చింది, బీటు ఆఫీసరు హైమావతి.
వెనకాల, చెప్పులు మెట్టు మీదే విడిచి,
బిడ్డిక సుంబురు.
ఏనుగుల మీద నిఘాకి కొత్తగా పెట్టుకున్నారట.

"దూరం చూసేది కావాలండీ. నలభై వేలు దాటకూడదు.
బిల్లు రేంజి ఆఫీసు పేర."

మా నాన్న రైల్వే సర్వేవాళ్ళకి థియోడొలైట్లు బాగుచేసేవాడు.
మా ఇంట అద్దమే అన్నం.
పెద్ద గొట్టం తీసి బల్ల మీద పెట్టాను:
ఎనభై మిల్లీమీటర్ల కన్ను, అరవై రెట్లు,
అవతలి కొండ మీద చీమ మీసాలు లెక్కెట్టుకోవచ్చన్నాను.

సుంబురు దాన్ని గుమ్మానికి ఆనించి చూశాడు.
"పెద్దగానే అవుపడతంది బాబూ.
ఏనుగంటే తొండమొక్కటేనా?
పక్కనున్న గున్నేదీ? దాని ఎనక తల్లేదీ?"
రింగు ఇరవైకి తిప్పాను.
"ఆఁ, ఇప్పుడు మంద."

ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నాను.
రెట్లు పెరిగేకొద్దీ లోకం తరిగిపోతుందని
కొన్నవాడెవడూ నాకు చెప్పలేదు.

"మిట్టమజ్జాన్నం అన్నీ మంచియే.
సీకటడే యేళకి ఏటవుద్దో సూడాల."
సరే, ఆగాం.
హైమావతి రెండు టీలు తాగింది, మూడు ఫోన్లు మాట్లాడింది.
ఆరు కొట్టాక ట్యూబులైటు ఆర్పమన్నాడు.
చవక గొట్టంలో స్తంభం అంబలిలా చిక్కబడి మాయమైంది.
అరవై అయిదుది మాత్రం
గడియారం కింద నాచునీ
దాని మీద మెడ ముడుచుకున్న పావురాన్నీ
ఇంకా వదల్లేదు.

అది తిన్నటి గొట్టం.
చెంప ఆనించాడు. ఎడమ కన్ను మూశాడు.
ఊపిరి ఆగింది. ఆయనతో పాటు కొట్టూ ఆగింది.
బల్ల అద్దం మీద
కుడిచేతి చూపుడువేలు
నెమ్మదిగా, తనంతట తనే,
మడతపడింది.

పావురం అక్కడే ఉంది.
నేను చూశానని ఆయన చూశాడు.
కాలిన గిన్నెని దించినట్టు దించేశాడు.

"నాటు తుపాకీ ఉండీది బాబూ, మా అయ్యది.
టేషన్లో అడిగారు, ఇచ్చేసాను, పద్దెనిమిదేళ్ళయింది.
ఏలు అడగనేదు."

ఏమనాలో తోచక కింది అరలో వెతికాను.
అక్కడ ఒకటుంది, ఎవరూ కొననిది.
కన్ను పెట్టే చోట మెడ వంగి ఉంటుంది.
నిలబడి తల దించుకుని చూడాలి,
గొట్టం ఒక వేపు, మనిషి ఒక వేపు.
ఉన్న మాట చెప్పాలి కదా,
"దీంతో గురి కుదరడం ఆలస్యం తాతా."

వంగాడు.
చాలాసేపు లేవలేదు.
నేను పావురాన్ని చూడలేదు, వేలునే చూశాను.
రింగు మీద పడి, నువ్వులు నలిపినట్టు
మెల్లగా తిప్పుతోంది. అంతే.

"ఇదియ్యి.
నాను కిందకి సూత్తన్నాను, అదేమో పైనుంది.
ఏలికి దారి తెలీదు."

"కొటేషన్లో తిన్నటిదని రాశాం తాతా," అంది హైమావతి,
అంటూనే పెన్ను తీసి ఆ మాట కొట్టేసింది,
పక్కన పొట్టి సంతకం పెట్టింది.
ముప్పై ఎనిమిది వేల నాలుగొందలు.
మూడుకాళ్ళ స్టాండు వద్దన్నాడు,
ఎదురు కర్రలు తనే కట్టుకుంటాడట.

బొబ్బిలి బస్సుకి టైమవుతోంది.
మెట్టు దిగి, మళ్ళీ తిరిగాడు.
"బాబూ, ఇందులోంచి సూత్తే
ఏనుగకి మనం అవుపడతామా?"

"అవుపడం," అన్నాను.

చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ కాసేపు ఆలోచించాడు.
"అయితే ముందు దగ్గాలన్నమాట."