కింది నుంచి చూసిన బొమ్మ

పీణ్యాలో మా కంపెనీకి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే.
దాని తాళం, చిటికెన వేలంత డాంగిల్,
సంపంగి సారు సొరుగులో ఉంటుంది.
ఆయన పని చేస్తుంటే కుర్చీ వెనక నిలబడి చూసేదాన్ని.
ఎర్ర గీతలు, నీలం గీతలు,
నా బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ ఊరికే కాలుతూ.
"నీకెందుకమ్మా, నీది టంకం పని" అనేవాడు.
చెడ్డవాడు కాదు.
డాంగిల్ పోతే ఆయన జీతంలోంచే కోస్తారు.

కీకాడ్ సంగతి చెప్పింది ఇంతియాజ్,
ఎస్పీ రోడ్డులో పాత రిలేలు తూకానికి అమ్ముతాడు.
పెన్‌డ్రైవులో వేసిచ్చాడు.
"ఎంత?"
"డ్రైవుకు రెండొందల యాభై. లోపలిది ఊరికే."
ఊరికే అనే మాటని మా హిందూపురంలో
అంత తేలిగ్గా నమ్మరు.
ఇల్లు చేరేదాకా బస్సులో సంచీ తడుముకుంటూనే ఉన్నాను.

లగ్గెరెలో మా వఠారానికి కావేరి నీళ్లు
మూడు రోజులకోసారి, అదీ రాత్రి రెండు దాటాక.
తొమ్మిది ఇళ్లు, ఒక్క కొళాయి.
పుట్టలింగమ్మ మోకాళ్లు నిమురుకుంటూ
మెట్ల మీద కూర్చుని చీకటిని అడిగేది,
"నీరు బంతా?"

నేను గీయాలనుకున్నది ఇంతే:
పైపులో రెండు ఇత్తడి మొలలు.
వాటికి నీళ్లు తగిలితే ఒక ట్రాన్సిస్టర్ మేలుకోవాలి,
అది రిలేని లేపాలి,
రిలే గంటని,
గంట మనుషుల్ని.

భాగాలన్నీ తెర మీద పెట్టగానే
వెంట్రుకంత గీతలు అన్నిటినీ అన్నిటితో ముడేశాయి.
తలంటుకుని దువ్వని జడ.
కాలి నుంచి కాలికి రాగి దారి వేస్తుంటే
ఒక్కో చిక్కూ మాయమవుతుంది.
తప్పు చేస్తే బాణం పెట్టి చూపిస్తుంది.
సొరుగు మూయదు.

రెసిస్టర్ కాళ్ల కొలతలు ఎవరో ముందే గీసి పెట్టారు.
పది పాయింట్ పదహారు మిల్లీమీటర్లు.
ఎవరో, ఏ దేశమో,
ఆ పూట వాళ్లింట్లో ఏం కూరో.
నా చేతిలో ఉన్నదానికి సరిగ్గా అతికింది.

ఇంతియాజ్ రిలేకి మాత్రం బొమ్మ లేదు.
పురుగుని తిరగేసినట్టు వెల్లకిలా పడేసి,
పైకి లేచిన అయిదు కాళ్లనీ వెర్నియర్‌తో కొలిచి
చూసింది చూసినట్టు గీశాను.

రాగి పలక మీద ఇస్త్రీపెట్టె.
పెరుగు డబ్బాలో ఫెర్రిక్ క్లోరైడ్.
వేళ్లకి వారమైనా వదలని తుప్పు రంగు.
అంతా బిగించిన సాయంత్రం
గంట మోగింది.
నీళ్లు లేవు. మోగింది.
పదింటికీ మోగుతూనే ఉంది.
కన్నడంలో తిట్టారు, తమిళంలో తిట్టారు,
తెలుగులో నన్ను నేనే తిట్టుకున్నాను.
తీగ పీకుదామని నేను లేచేసరికి, రెండుంబావుకి,
చటుక్కున ఆగింది.
ఆ నిశ్శబ్దానికి పుట్టలింగమ్మ ఉలిక్కిపడి లేచింది.
"నీరు బంతు!"

పడుకోబెట్టి చూసినదాన్ని
నిలబెట్టినట్టు గీశాను. అంతే తప్పు.
ఎడమ కాలు కుడికి పోయింది,
మోగాల్సినప్పుడు మూగబోయింది.
"ఇట్లే ఉండనీ, ఆగితే లేస్తాం కదా"
అన్నాడు పై వాటా గోవిందరాజు, నవ్వకుండా.

బొమ్మని అద్దంలోలా తిప్పడానికి ఒక్క మీట చాలు.
కొత్త పలకకి మాత్రం ఇంకో ఆదివారం పట్టింది.

దిద్దిన బొమ్మని అందరి పెట్టెలో వేస్తుంటే
గీసినవారి పేరు అడిగింది.
భ్రమరాంబ. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పు కొట్టాను.
కింద ఒక మాట చేర్చాను:
ఇది పై నుంచి చూసి గీసింది.
ముందొకసారి తప్పు గీశాను,
కాళ్లు మీరూ లెక్క చూసుకోండి.

గురువారం రాత్రి గంట మోగిందట.
నాకు వినపడలేదు.
పుట్టలింగమ్మ వచ్చి తలుపు బాదింది,
నా బిందె అప్పటికే నింపి పెట్టి.